ఒకేలాంటి పన్నెండు పిడులు

హేలాపురి ఆనకట్టకు ఆస్థాన స్థపతి గుణనిధి ఒకేలాంటి పన్నెండు ఇత్తడి పిడులు పెట్టించాడు. ఒక్కో పిడి ఒక్కో కాలువ తలుపు తెరుస్తుంది. కాలువలకు నీళ్లు వదిలే సుంకమ్మ ఒకనాడు పొరపాటున వేరే పిడి తిప్పింది. కోతకొచ్చిన వరి మునిగింది.

"ఈ మొద్దును కొలువులోంచి తీసేయండి ప్రభూ" అన్నాడు స్థపతి, ఆనకట్ట దగ్గరికి వచ్చిన రాజుతో.

సుంకమ్మ చేతులు జోడించింది. "పోతాను దొరా. పోయేముందు అయ్యగారు తూర్పుకాలువ తెరిచి చూపిస్తే కళ్లారా చూసి పోతాను."

గుణనిధి ధీమాగా ఒక పిడి తిప్పాడు. నీళ్లు రాణిగారి మల్లెతోటలోకి దూకాయి.

"చేసినవారే పోల్చుకోలేని పిడిని నేనెలా పోల్చుకునేది దొరా?" అంది సుంకమ్మ.

రాజు స్థపతి వైపు తిరిగాడు. "దేనికది వేరుగా ఉండేలా కొత్త పిడులు చెయ్యి. బాగున్నాయో లేదో సుంకమ్మే చెబుతుంది."

నెల తర్వాత సుంకమ్మ కళ్లు మూసుకుని పన్నెండూ తడిమి, ఏది ఏ కాలువదో చెప్పింది. తలెత్తి, "ఇప్పుడు కుదిరాయి అయ్యగారూ" అంది.