మెత్తటి బోల్టు

పరదేశిస్వామిని ప్రశ్న అడిగినవాడికి జవాబు ఎప్పుడు దొరికేదో చెప్పలేం గానీ, పని మాత్రం వెంటనే దొరికేది. ధ్యానం కుదరడం లేదన్నవాడి చేతికి చీపురు వచ్చేది. దేవుడున్నాడా అని నిలదీసినవాడు ఆ పూట వంటశాలలో ఉల్లిపాయలు తరిగేవాడు. సన్యసించక ముందు స్వామి బోరుబండి మీద పనిచేసిన మనిషి. మాటల కంటే ఇనుమే తనకు బాగా అర్థమవుతుందని ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

పొదిలికి అవతల రాళ్ళగుట్ట కింద ఉన్న ఆ ఆశ్రమంలో పూజల కంటే రోగుల సేవే ఎక్కువ. ఇక లాభం లేదని ఆస్పత్రులు పంపేసినవాళ్ళను, నా అన్నవాళ్ళు లేనివాళ్ళను అక్కడికి తెచ్చి చేర్చేవారు. వాళ్ళకు స్నానం చేయించడం, గంజి తాగించడం, చివరి గడియలో చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోవడం మాల్యాద్రి పని. నలభై దాటిన మనిషి, రైతుబిడ్డ, ఎంత చాకిరీకైనా వెనకాడడు. అయితే తనలో ఒక పెద్ద లోపం ఉందని అతని నమ్మకం. ఎవరు పోయినా వెక్కి వెక్కి ఏడ్చేవాడు. ఆ పూటంతా ఏ పనీ చెయ్యలేక ఒక మూల పడి ఉండి, మర్నాడు ముఖం కడుక్కుని మళ్ళీ గంజిగిన్నె పట్టుకునేవాడు. తోటివాళ్ళెవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా అతనికి సిగ్గుతో తల కొట్టేసినట్టు ఉండేది.

ఆ వేసవి చివర ఓబులమ్మకు జబ్బు ముదిరింది. ఆమె బస్టాండులో దొరికిన ముసలమ్మ. ఏడాదిగా మాల్యాద్రి పట్టిస్తేనే గంజి తాగుతోంది. ఆమె పోతే తాను తట్టుకోలేనని అతనికి ముందే తెలిసిపోయి, స్వామి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యగారూ, గుండె రాయి చేసుకునే దారేందో చెప్పండి. లేదంటే నన్ను ఈ పనిలోనుంచి తీసెయ్యండి. గోశాలకు పోతా."

స్వామి అతన్ని ఎగాదిగా చూశారు. "పొదిలి పోదాం పద. వెనక బీడు కొట్టడానికి మిషను చూడాల," అన్నారు.

ఆశ్రమం వెనక బీడంతా సర్కారు తుమ్మ, దాని కింద కనబడని రాళ్ళు. మృగశిర కార్తె లోపల బాగుచేసుకుంటే రోగుల వంటకు సజ్జలు పండుతాయి. దుకాణంలో, ట్రాక్టరు వెనక తగిలించి పొదలు నరికే రోటరీ కట్టర్లు వరసగా పెట్టి ఉన్నాయి. గడ్డికి తప్ప పనికిరాని పల్చటివాటిని దాటి, మణికట్టు లావు తుమ్మను కూడా నరికే రెండు బరువైన వాటి దగ్గర ఇద్దరూ ఆగారు. మొదటిదానిలో ట్రాక్టరు తిప్పే షాఫ్టు నేరుగా బ్లేళ్ళ గేరుబాక్సులోకి దిగి బిర్రుగా బిగిసి ఉంది. మాల్యాద్రి మనసు దాని మీదే పడింది. రెండోది కూడా అంతే బరువు, అంతే మందం. కానీ షాఫ్టు గేరుబాక్సును కలిసేచోట చిటికెనవేలంత మెత్తటి బోల్టు ఒకటి ఉంది. అలాంటివి ఒక డబ్బా నిండా ఇస్తానన్నాడు దుకాణం కరీముల్లా.

"ఇది తెగతా ఉంటది స్వామీ. తెగినప్పుడల్లా మళ్ళీ ఇట్టాంటిదే వెయ్యాల. వేరేది వెయ్యబాకండి."

"తెగేదాన్ని ఎవరన్నా కొంటారా అయ్యగారూ?" అన్నాడు మాల్యాద్రి.

"నేను కొంటా," అన్నారు స్వామి.

మర్నాడు మాల్యాద్రే ట్రాక్టరెక్కాడు. తుమ్మకంప నుగ్గునుగ్గయి రాలుతుంటే సంబరంగానే ఉంది. కానీ కట్టరు రాయికి గట్టిగా తగిలినప్పుడల్లా బోల్టు టప్పున తెగేది, బ్లేళ్ళు ఆగిపోయేవి. కిందికి దిగి, ముళ్ళలో మోకాళ్ళూని కొత్త బోల్టు బిగించాలి. నాలుగు చాళ్ళు తిరిగీ తిరగకముందే మళ్ళీ టప్పుమనేది. మాల్యాద్రికి ఒళ్ళు మండింది. సరిగ్గా నాలాంటిదే దొరికింది నా ప్రాణానికి, అనుకున్నాడు. ఆఖరికి పాత సామాన్లలో వెతికి ఒక ఉక్కు బోల్టు పట్టుకొచ్చి ఆ బెజ్జంలో దిగగొట్టాడు.

ఇక చూడాలి దాని దర్జా! రాళ్ళ మీద నిప్పురవ్వలు లేస్తున్నా ఆగలేదు. పొద్దు వాలేసరికి సగం బీడు తేటపడింది. మాల్యాద్రి ఈల కూడా వేశాడట. అంతలో ఒక పొద మొదట్లో భూమిలో పాతుకుపోయిన బండ తగిలింది. బోల్టు తెగలేదు. దెబ్బంతా లోపలికి పోయి, గుండెలదిరే చప్పుడుతో గేరుబాక్సు పగిలి, నూనెంతా నేలపాలైంది.

స్వామి వచ్చి ఆ పగిలిన ఇనుము పక్కన గొంతుక్కూర్చున్నారు. తిట్టలేదు. కొత్తది తెప్పించేలోగా కార్తె దాటిపోతుంది, ఈ ఏడు సగం బీడులో సజ్జలు లేనట్టే. అది తెలిసిన మాల్యాద్రి తలెత్తలేకపోయాడు.

"డబ్బాలో బోల్టులు అయిపోయినయ్యా?" అని అడిగారు స్వామి.

"లేదయ్యగారూ, ఇంకా ఉండయ్యి. మాటిమాటికీ ఆగిపోతంటే చూడలేకపోయా."

స్వామి ఉక్కు బోల్టును వేలితో తడిమి చూశారు. దానికి సొట్ట కూడా పడలేదు.

"ఇది మాత్రం బాగానే ఉందే," అన్నారు.

మాల్యాద్రి ఆ బోల్టును, పగిలిన గేరుబాక్సును మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయాడు. తాను అడిగిన రాతిగుండె గుర్తొచ్చి అతనికి భయం వేసింది. ఇంతలో వంటామె పరుగున వచ్చింది. ఓబులమ్మకు ఊపిరి అందడం లేదని, మాల్యాద్రి ఏడీ అని అడుగుతోందని చెప్పింది. అతను గబగబా రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఆమె ఎదురుగానే ఏడుస్తానేమో అయ్యగారూ."

"ఏడిస్తే ఏడువయ్యా," అన్నారు పరదేశిస్వామి. "ఆమె కోసం ఏడ్చేవాళ్ళు ఇంకెవరుండారు?"