అభ్యంతరం లేదు కదా, బసవన్నా?

ఏరు కొండను విడిచి మైదానంలోకి దిగే చోట, ఇప్పచెట్ల నీడలో, జంతువులు నడుపుకునే విద్యాపీఠం ఒకటి ఉండేది. ఈత, దాగడం, వాసన పసిగట్టడం వంటి బ్రతుకు విద్యలను అక్కడ నేర్పేవారు. ఎండలు ముదిరే ముందు పరీక్ష జరిగేది. అందులో నెగ్గినవారికి కొండమీది బయలుకు వెళ్ళే అనుమతి దొరికేది. వేసవిలోనూ అక్కడ పచ్చిక ఉంటుంది, ఊటనీరు ఉంటుంది. తప్పినవారు కింద ఎండిన ఏటి ఇసుకను చూస్తూ వానల దాకా గడపవలసిందే. పై బయలు దారిలో చిరుత తిరుగుతుంది గనుక, గాలిలో దాని వాసన తెలుసుకోలేనివారిని పంపకూడదని పెద్దలు ఆలోచించి పెట్టిన నియమం అది.

నియమంలో తప్పేమీ లేదు. వాసన శాస్త్రం బోధించే ఆచార్యుడు మాత్రం నక్క ఊళపతి. విద్యా మండలికి కార్యదర్శి కూడా ఆయనే. నోటికి వచ్చినంత విద్య ఉంది, ఒంటికి వచ్చినంత బద్ధకమూ ఉంది.

మండలిలో విద్యార్థుల తరఫున కూర్చునేది శింగన్న అనే ఎద్దు. ఒకప్పుడు గంగిరెద్దు. వీపున బొంతలు, కొమ్ములకు కుచ్చులు వేసుకుని, సన్నాయి వెంట గడప గడపకూ తిరిగినవాడు. యజమాని ముసలివాడై తిరగలేకపోయినప్పుడు కుచ్చులు విప్పి, మెడ నిమిరి, అడవి అంచున వదిలిపెట్టాడు. వయసు మళ్ళాక చదువుకు చేరిన శింగన్నను విద్యార్థి సంఘం ఏకగ్రీవంగా ఎన్నుకున్నది. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా చివరి దాకా వినే ఓపిక అతనికి ఉండేది. చెప్పేవారి మాట పూర్తయ్యే వరకు నెమరు కూడా ఆపేవాడు.

అటువంటివాడి వల్లనే అనర్థం జరిగింది.

ఆ ఏడు మొదటి సమావేశంలో ఊళపతి ఒక ప్రతిపాదన తెచ్చాడు. మబ్బు పట్టిన రోజున పాఠం చెప్పకపోయినా చెప్పినట్టే భావించాలన్నది దాని సారాంశం. శింగన్న గొంతు సవరించుకుంటున్నాడు. ఇంతలో నక్క అతనివైపు తిరిగి, సన్నాయి పాటలా సాగదీసి, "విద్యార్థులకు అభ్యంతరం లేదు కదా, బసవన్నా?" అని అడిగాడు.

గంగిరెద్దుగా గడప గడపకూ విన్న ఆ పిలుపు చెవిన పడగానే శింగన్న తల కిందికీ పైకీ ఊగింది.

మండలి మాటలను గుర్తుపెట్టుకుని అప్పజెప్పే పని చిలుకది. అది వెంటనే, "విద్యార్థులకు అభ్యంతరం లేదు," అని పలికేసింది. ఒకసారి చిలుక పలికిందంటే అది తీర్మానమే. ఆపైన ఊళపతికి ఆకాశంలో ఏ మూల చూసినా మబ్బే కనిపించేది.

పరీక్ష దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం దూదమ్మ అనే కుందేలు శింగన్న ముందుకు వచ్చి నిలబడింది. పోయిన ఏడు పరీక్ష తప్పి, వేసవంతా ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకుని బ్రతికింది ఆమె.

"అన్నా, నిన్ను మండలికి పంపింది మేమా, నక్కగారా?"

"మీరేనమ్మా."

"మరి తల ఆయనకిచ్చి, తోక మాకిచ్చావేం? ఎదురుగాలి పాఠం ఈ ఏడూ మొదలే పెట్టలేదు. రేపటి సమావేశంలో, చెప్పని పాఠాలమీద కూడా ప్రశ్నలు ఇస్తామని తీర్మానం చేయబోతున్నారట. పోయినసారి నేను తప్పింది ఎదురుగాలి ప్రశ్న దగ్గరే. ఇంకో వేసవి ఆ ఇసుకలో ఉండటం నావల్ల కాదు."

శింగన్న మెల్లగా అన్నాడు: "ఆ పిలుపు విన్నప్పుడు ఊపేది నేను కాదమ్మా. చిన్ననాటి నుంచీ ఇళ్ళముందు ఊపిన తల. నాకు ఇష్టమో కాదో అడగకుండానే కదిలిపోతుంది."

కోపంగా వచ్చిన దూదమ్మ ఆ మాటకు మెత్తబడింది. "సరే, సాధన చేద్దాం. చదువుకునేవాళ్ళం కదా, ఇదీ ఒక పాఠమే."

ముందు కొమ్ములకు తీగ కట్టి చెట్టుకు బిగించింది. "బసవన్నా" అనగానే తీగ తెగింది. చెవుల్లో బూరుగు దూది కుక్కింది. పిలుపు వినబడలేదు, మిగతా మాటలూ వినబడలేదు.

"ఇలా వెళితే సభలో నన్ను కూర్చోబెట్టడం దేనికమ్మా, ఒక రాయిని పెడితే చాలు," అన్నాడు శింగన్న, దూది విదిలించుకుంటూ.

దూదమ్మ అలసిపోయి నేలమీద కూలబడింది. విసుగులో అందామె, "నీకు బుద్ధి లేదు కదా, బసవన్నా?"

తల ఊగింది.

"అయ్యో, ఒప్పుకున్నావే," అని దూదమ్మ నవ్వింది. నవ్వు ఆగక మళ్ళీ అడిగింది. "పోనీ, బుద్ధి ఉందా, బసవన్నా?"

తల మళ్ళీ అంతే నిండుగా ఊగింది.

శింగన్న నవ్వలేదు. నెమరు ఆపి, ఆ రెండు ప్రశ్నలనూ మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ తన తలను నిందించుకున్నాడు. పాపం, తల ఎప్పుడూ ఒకే మాట చెబుతున్నది. దానికి అర్థం పెడుతున్నది అడిగేవాడి వాక్యం.

"దూదమ్మా, ఇక సాధన చాలు. నన్ను కాస్త మేయనివ్వు," అన్నాడు.

మరునాడు మండలి కూడింది. పెద్ద పీట ఆడ ఏనుగు గున్నమ్మది. ముళ్ళపంది, తాబేలు తదితర ఆచార్యులు వారి వారి చోట్ల కూర్చున్నారు. విద్యార్థులు చెట్ల వెనుక నుంచి చూస్తున్నారు. దూదమ్మ చెవులు మాత్రం పొదపైన నిటారుగా కనబడుతున్నాయి.

ఊళపతి ప్రతిపాదన చదివి, గొంతు తీయగా మార్చి, శింగన్న వైపు తిరిగాడు.

"ఒక్క మనవి," అన్నాడు శింగన్న, పిలుపు పడకముందే. "ప్రశ్నలో 'లేదు కదా' అన్నప్పుడు జవాబు కూడా అడిగేవారే చెప్పినట్టుంటుంది. 'అభ్యంతరం ఉందా' అని అడిగితే సభకు నిండుగా ఉంటుందేమో, అమ్మగారు ఆలోచించాలి."

గున్నమ్మ చెవులు ఆడించింది. "సబబుగానే ఉంది. మా గురువుల కాలంలో అలాగే అడిగేవారు. కార్యదర్శిగారికి కష్టమా?"

ఊళపతి లోలోపల నవ్వుకున్నాడు. ఎలా అడిగితేనేం, ఆ తల ఊగడం ఊగడమే. అది ఊగడమంటే తన పని నెరవేరడమే అని ఆయనకు ఎంతగా అలవాటైపోయిందంటే, తాను పలకబోయే మాటను ఆయనే వినడం మానేశాడు.

"కష్టమేముంది తల్లీ," అని, ఎప్పటికన్నా ఎక్కువ రాగం తీసి అడిగాడు. "విద్యార్థులకు అభ్యంతరం ఉందా, బసవన్నా?"

తల ఊగింది. ఈసారి శింగన్న దానిని ఆపే ప్రయత్నమే చేయలేదు. గంగడోలు కదిలేలా, కుచ్చులు ఉన్న రోజుల్లో లాగా, కన్నుల పండువగా ఊపాడు.

"విద్యార్థులకు అభ్యంతరం ఉంది," అన్నది చిలుక.

ఊళపతి ముఖంలో తీపి ఎగిరిపోయింది. "అది అభ్యంతరం కాదు తల్లీ. ఈయనది గంగిరెద్దు అలవాటు. బసవన్నా అంటే చాలు, ఊపేస్తాడు. ఆ ఊపుకు విలువ ఇవ్వకూడదు."

గున్నమ్మ తొండం దించి ఆయనను నిదానంగా చూసింది. "ఈ అలవాటు మీకెప్పటి నుంచి తెలుసు, ఊళపతిగారూ?"

"మొదటి నుంచీ..." అని ఆయన ఆగిపోయాడు.

"అంటే మబ్బు రోజుల తీర్మానం నాడు కూడా తెలుసు. ఆ ఊపుకు విలువ ఉందన్నారు. ఇవాళ్టి దానికి లేదంటున్నారు. రెండింటికీ ఒకటే ధర్మం. విలువ ఉందంటే ఇవాళ్టి అభ్యంతరం నిలుస్తుంది. లేదంటే ఆనాటి సమ్మతి పోతుంది. మీరే తేల్చండి."

ముళ్ళపంది దగ్గుతూ నవ్వు దాచుకున్నది. ఊళపతికి తోక ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"ఆయన తేల్చుకునేలోగా," అన్నది గున్నమ్మ, "అభ్యంతరం ఏమిటో నోటితో చెప్పు నాయనా. తల ఊపింది చాలు."

శింగన్న లేచి నిలబడ్డాడు. "ఎదురుగాలి పాఠం చెప్పలేదమ్మా. చెప్పని దానిమీద పరీక్ష పెడితే పిల్లలు తప్పుతారు. ప్రశ్న తీసేసి పంపితే చిరుత నోట పడతారు. ప్రశ్న తీయమని మేం అడగడం లేదు. పాఠం చెప్పమంటున్నాం. చెప్పాకే పరీక్ష పెట్టమంటున్నాం."

పొదపైన కుందేలు చెవులు ఊరటగా కిందికి వాలాయి.

మబ్బు రోజుల తీర్మానం ఆనాడే రద్దయింది. పాఠం పూర్తయ్యే వరకు పరీక్ష వాయిదా పడింది. ఆ పైన మబ్బు పట్టినా, చినుకు పడినా, ఊళపతి గాలికి ఎదురుగా నిలబడి, కళ్ళ నీళ్ళు కారుతుండగా, వాసన ఎటు నుంచి వస్తుందో విద్యార్థులకు విప్పి చెప్పవలసి వచ్చింది. చెప్పడం మొదలుపెట్టాక ఆయన బాగానే చెప్పాడన్నది కూడా నిజం.

పరీక్ష నెగ్గి పై బయలుకు బయలుదేరిన ఉదయం దూదమ్మ దారి మలుపులో ఆగి, వెనక్కి తిరిగి, "వస్తున్నావా, బసవన్నా?" అని కేక వేసింది. శింగన్న తల నిండుగా ఊగింది. ఈసారి అతని మనసు కూడా ఊగింది. కొండ గాలి ఎదురుగా వీస్తున్నది. అందులో పచ్చిక వాసన తప్ప మరేదీ లేదు.

నీతి: పదిమంది తరఫున సభలో కూర్చున్నవాడు తల ఊపే ముందు, తనను అడుగుతున్న ప్రశ్న ఎటు తిరిగి ఉందో చూసుకోవాలి.