అధ్యక్షుడికి తెలియని పాక

అడవికీ పొలాలకీ నడుమ, వాగు ఒడ్డున, సగం పెంకులు ఊడిన పశువుల ఆసుపత్రి ఒకటి ఉండేది. మనుషులు దాన్ని పట్నానికి తరలించుకుపోయారు. పన్నెండేళ్లు ఆ మందుల సంచులు మోసిన గాడిద సింగారమ్మను తీసుకెళ్లాలని మాత్రం ఎవరికీ తోచలేదు. మోసే వీపుకి వైద్యమేం తెలుస్తుందనుకున్నారు. ఆమె చెవులు ఎంత పెద్దవో వాళ్లు చూసుకోలేదు. పన్నెండేళ్లూ అన్నీ వింది.

ఆ ఖాళీ ఆసుపత్రినే ఆమె మళ్లీ తెరిచింది. ఒక్కటే పద్ధతి పెట్టింది. నయమై వెళ్లేవాళ్లు వారం రోజులు తమ వంతు పని చేసి వెళ్లాలి, ఆ పని చుట్టుపక్కల వాళ్లందరికీ పనికి రావాలి. రెక్క బాగైన కాకి ఊరూరా తిరిగి జబ్బు ఎక్కడుందో కనుక్కొచ్చేది. గిట్ట బాగైన ఎద్దు నీళ్ల బాన లాగేది. చుక్కల పెట్ట చుక్కమ్మ మాత్రం వారం అయిపోయినా వెళ్లలేదు. ఊడ్చేది, కట్లు ఉతికేది, పశువుల చెవుల్లో పిడుదులు ఏరేది.

కిందటి వానాకాలం కోళ్లని ఊడ్చేసే కొక్కెర రోగం ఆమె తొమ్మిది పిల్లల్లో ఏడింటిని తీసుకుపోయింది. ఈ ఏడు పదకొండు పిల్లల్ని చేసింది. ఈ పదకొండూ దక్కాలి. ఆమె లోకమంతా ఆ ఒక్క కోరిక చుట్టూనే తిరుగుతోంది.

అలాంటప్పుడు కాకి వచ్చి చెప్పింది, పక్క ఊళ్లో కొక్కెర మొదలైందని.

సింగారమ్మ చుక్కల మందు సిద్ధం చేసి, కుండని తడి ఇసుకలో పాతిపెట్టింది. "రేపు పొద్దున్నే చుట్టుపక్కల కోళ్లన్నింటికీ కంట్లో తలా ఒక చుక్క వేద్దాం. ఎండెక్కితే ఈ మందు పనిచెయ్యదు" అంది.

ఆ సాయంత్రమే నక్క భద్రయ్య మెడలో కండువాతో దిగాడు.

"ఇంత మంచిపని ఇంత చాటుగా చేస్తే ఎలా సింగారమ్మా? దీన్ని శిబిరం అనాలి. వేదిక కట్టాలి. ఒక అధ్యక్షుడుండాలి. పెద్దలతో మాట్లాడేశాలే, నన్నే ఉండమన్నారు."

"అధ్యక్షుడు ఏం చేస్తాడు?" అంది చుక్కమ్మ, చీపురు ఆపకుండానే.

"అధ్యక్షత వహిస్తాడు తల్లీ."

"నీళ్లు మోస్తాడా?"

"మోసేవాళ్లని అభినందిస్తాడు."

"అయితే కాస్త పక్కకి జరగండి, మీరు నిలబడ్డ చోట ఊడవాలి."

భద్రయ్య నవ్వేశాడు. గుమ్మం అవతల నుంచే ఆసుపత్రిని ఒకసారి చూసి, లోపలికి కాలు పెట్టకుండా వెళ్లిపోయాడు.

"పోనీలేవే" అంది సింగారమ్మ. "కుర్చీ కావాలంటే కూచోనీ. మనకి చుక్క పడితే చాలు."

తెల్లవారేసరికి ఆసుపత్రి ముందు బండరాళ్లతో వేదిక లేచింది. దాని మీద ఊరి పెద్దల తరఫున ఒక ముసలి ఎద్దు, భద్రయ్య, వాళ్లిద్దరి పక్కన చుక్కమ్మ మొగుడు తురాయి పుంజు. కుర్చీ ఇచ్చిన దగ్గర్నుంచి తురాయి మెడ దించలేదు. కింద డెబ్బై పెట్టలు పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని వరసలో నిలబడ్డాయి. అందరికంటే ముందు చుక్కమ్మ.

"మందుకి ముందు నమోదు" అన్నాడు భద్రయ్య. "పేరు చెప్పాలి. గంప ఎక్కడుందో చెప్పాలి. తలుపు ఎలాంటిదో, ఇంట్లో మగవాళ్లు ఏ వేళకి ఉండరో కూడా చెప్పాలి."

"కంట్లో చుక్క వెయ్యడానికి తలుపుతో ఏం పని?"

"రెండో చుక్క ఇంటికే తెచ్చి వేస్తాం తల్లీ. సేవ గడప దాకా రావాలి."

చుక్కమ్మ వేదిక వైపు చూసింది. "ఏమండీ, విన్నారా?"

"పెద్దమనిషి అడుగుతుంటే ఎదురు ప్రశ్నలేమిటే, నలుగురిలో" అన్నాడు తురాయి.

తూర్పున ఎండ పాకుతోంది. ఇసుక మీద తడి ఆరుతోంది. చెప్పకపోతే మందు పాడవుతుంది, పిల్లలు కొక్కెరకి పోతారు. చెబితే నక్కకి పోతారు. రెక్క కింద పదకొండు గుండెలు కొట్టుకోవడం చుక్కమ్మకి తెలుస్తోంది. ఇంట్లో చెబితే మొగుడు వినడు, ఊళ్లో చెబితే పెద్దలు వినరు. చెబితే వినేవాళ్లు వెనక వరసలో అంతమంది ఉన్నారని అప్పుడు గుర్తొచ్చింది.

తల వెనక్కి తిప్పి గొణిగింది. "నేను చెప్పిందే నువ్వూ చెప్పు. వెనక్కి అందించు."

తర్వాత గొంతు పెంచింది. "వాగవతల తాటాకు పాక. తడిక తలుపు. మిట్టమధ్యాహ్నం మగవాళ్లెవరూ ఉండరు."

రెండో పెట్ట అదే చెప్పింది. మూడోదీ అదే. భద్రయ్య నాలుక పెదాల చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"అందరూ ఒక్క చోటేనా?"

"మందు పడ్డాక వారంపాటు అందరూ కలిసి ఉండాలట. డాక్టరమ్మ మాట" అంది చుక్కమ్మ. "ఇల్లు ఒకటే కదా, అందరికీ కలిపి ఒక్కసారే రాసెయ్యండి. మీ ఉపన్యాసానికి ఆలస్యమవుతుంది."

ఉపన్యాసం మాట వినగానే భద్రయ్య లేచి నిలబడ్డాడు. ఆయన సేవ గురించి, త్యాగం గురించి, ఆడవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సిన అవసరం గురించి మాట్లాడుతుండగానే, వేదిక వెనకాల ఆఖరి పిల్ల కంట్లో ఆఖరి చుక్క పడింది. తురాయి చుక్క వేయించుకోవడానికి దిగకపోతే సింగారమ్మే వేదికెక్కి వేసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఊరంతా కోతలకి పోయిన వేళ, భద్రయ్య వాగు దాటాడు. తాటాకు పాక ఉంది. తడిక తలుపూ ఉంది. మెల్లగా తోసి లోపలికి దూరాడు.

అది ఆసుపత్రి వాళ్లదే. గజ్జి పట్టిన కుక్కల్ని మిగతావాళ్లకి అంటకుండా విడిగా ఉంచే పాక. మందు పూసుకుని నాలుగు కుక్కలు పడుకుని ఉన్నాయి. ముందు రోజు సాయంత్రమే చుక్కమ్మ కబురు పంపింది: "రేపు మీ వంతు. కదలకుండా పడుకోవడమే పని."

సాయంత్రానికి ఒక చెవి చీలి, తోక ముడుచుకుని, ఒళ్లంతా గోక్కుంటూ భద్రయ్య ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాడు. కండువా లేదు.

"పేరు?" అంది చుక్కమ్మ. "గుహ ఎక్కడ? తలుపుందా? ఇంట్లో మగవాళ్లు ఏ వేళకి ఉండరు?"

భద్రయ్య చీలిన చెవిని ముందుకి వంచి చూపించాడు.

చుక్కమ్మ లోపలికెళ్లి సింగారమ్మ చెవిలో అంది. "వీడికీ మందు వెయ్యాలా?"

"నువ్వు ముందు ఆ చెవి చూడు, తర్వాత మొహం చూడు" అంది సింగారమ్మ. "మనిషిని బట్టి వైద్యం చేసేవాళ్లు పట్నం వెళ్లారుగా. మనం ఇక్కడే ఉన్నాం." గుమ్మం వైపు తిరిగింది. "భద్రయ్యా, కట్టు కడతాను. గజ్జి తగ్గేదాకా వాగవతల కుక్కల పక్కనే పడక. తగ్గాక అందరిలాగే వారం వంతు."

"అధ్యక్షుడికి కూడానా?"

"కూడానే."

చుక్కమ్మ కట్టు బిగించింది. అవసరమైన దానికంటే కొంచెం గట్టిగానే బిగించింది. ఇరవై రోజులకి గజ్జి తగ్గింది. మొదటిసారిగా ఆసుపత్రి లోపల అడుగుపెట్టిన భద్రయ్య నాలుగు మూలలూ వెతికి, చివరికి చిన్న గొంతుతో అడిగాడు.

"చుక్కమ్మా, చీపురు ఎక్కడుంటుంది?"

వేదిక మీద కుర్చీ అడిగేవాళ్లని ముందు ఆ ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో అడగాలి.