తొంభయ్యో రోజు ఆకు ఎవరు వేశారు?

మదనపల్లె దగ్గర పిల్ల పట్టుపురుగులను పెంచి రైతులకు అమ్మే చెన్నకేశవులు, కాగితం మీద రాసుకున్నదే నిజమని నమ్మేవాడు. ఆయన కేంద్రంలో ఓబులమ్మ ఏడేళ్లుగా మల్బరీ ఆకు సన్నగా తరిగి పురుగులకు వేస్తుండేది. అయినా ఆమె ఉద్యోగపు కాగితం ఎప్పుడూ ఎనభై తొమ్మిది రోజులకే ఉండేది. గడువు తీరాక ఒక రోజు విరామం, మర్నాడు కొత్త కాగితం. అలా చేస్తే తన దగ్గర ఎవరూ పాత ఉద్యోగులు కారని ఆయన ధీమా.

పురుగులకు మాత్రం విరామం తెలియదు. అందుకని తొంభయ్యో రోజు ఆయనే కబురు చేసేవాడు.

"ఈరోజు పనికి కాదు ఓబులమ్మా, చుట్టంలా వచ్చి ఆకేసి పో."

ఆమె నవ్వుకుంటూ వచ్చేది.

ఒకసారి ఓబులమ్మ జ్వరంతో మూడు రోజులు రాలేకపోయింది. కోలుకుని వస్తే, గడువు అయిపోయిందని, ఇక కొత్త కాగితం లేదని చెప్పి పంపేశాడు. ఆమె కార్మిక శాఖకు అర్జీ పెట్టుకుంది. విచారణకు షాహీనా అనే అధికారి ఆమెను వెంటబెట్టుకుని కేంద్రానికే వచ్చింది.

చెన్నకేశవులు కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. ఏ రెండింటి తేదీలూ కలవవని, ఓబులమ్మ ఎప్పటికప్పుడు కొత్త మనిషేనని చెప్పాడు. షాహీనా వాటిని చదివి పక్కన పెట్టింది. ఆమె చూపు పురుగుల తట్టల మీదికి పోయింది. ఇవి రోజుకు ఎన్నిసార్లు తింటాయి, ఒక రోజు పస్తుంటే ఏమవుతుంది అని అడిగింది. చచ్చిపోతాయని, తన దగ్గర ఇంతవరకు ఒక్క పూట కూడా ఆకు తప్పలేదని ఆయన గొప్పగా చెప్పాడు.

"మరి తొంభయ్యో రోజు ఆకు ఎవరు వేశారు?"

గదిలో వేడి, తేమ రాసే పట్టిక గోడకు వేలాడుతోంది. ఆకు వేసిన ప్రతిసారీ వేసినవాళ్లు అందులో సంతకం చేయాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా రైతులు అనుమానిస్తారని ఆ నియమం పెట్టింది ఆయనే. పాత పట్టికలన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. షాహీనా తీయించి చూసింది. విరామపు రోజుల గడుల్లోనూ ఓబులమ్మ గుండ్రటి అక్షరాలే.

"ఆ రోజుల్లో ఆమె చుట్టంగా వచ్చింది మేడమ్," అన్నాడు చెన్నకేశవులు మెల్లగా.

"చుట్టం వస్తే మీరు తిండి పెట్టాలి గానీ, ఆమె చేత పురుగులకు పెట్టిస్తారా?" అంది షాహీనా.

"నాకు కాఫీ చుక్క కూడా పోయలేదు మేడమ్," అంది ఓబులమ్మ.

ఏడేళ్లూ ఒకే ఉద్యోగమని, జ్వరం వచ్చినంత మాత్రాన తీసేయడం కుదరదని షాహీనా తేల్చి చెప్పింది. చెన్నకేశవులు ఆ మాటే రాసి సంతకం చేశాడు. ఈసారి కాగితం మీద గడువు లేదు. ఓబులమ్మ చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. మధ్యాహ్నపు ఆకు వేళయింది.

ఒక మనిషి చేత ఆగకుండా పని చేయించుకున్నవాడు, ఆ ఉద్యోగం మధ్యలో ఆగిందని చెప్పుకోలేడు.