కడగనివ్వని కాళ్లు

ఇంతకుముందు నేనెప్పుడూ ఏదీ రాయలేదు. మా అవ్వ నోట విన్నది విన్నట్టు పెడుతున్నాను.

గుట్ట కింద దస్తగిరి స్వామి మఠంలో మద్దిలేటి అనే శిష్యుడుండేవాడు. ఒకరోజు వాళ్లమ్మ సుంకులమ్మ గంపలో సంగటి పెట్టుకుని కొడుకును చూడ్డానికి వచ్చింది. ఒంటి మీద కొత్త కోక. అది ఎవరు పెట్టిందో మద్దిలేటి చెవిన ముందే పడింది. వాళ్లలో మారుమనువంటే పందిరీ మేళమూ ఉండవు. మగవాడు కోక పెడతాడు, అంతే. పెట్టినవాడు చచ్చిపోయిన నాయనకు సొంత తమ్ముడు.

"నాయన పోయి ఏడాదన్నా కాలేదు, అప్పుడే ఇంకొకడి పంచన చేరితివే. సిగ్గు లేదా?" అని అందరి ముందూ అరిచాడు మద్దిలేటి.

"సిగ్గా? మీ నాయన మంచాన పడితే ఒళ్లు తుడిచింది ఈ చేతులేరా. అప్పుడు నువ్వేడుంటివి? గురువుల వెంట తిరుగుతుంటివి."

"నాయనను మరిచిపోయినదానివి, నాకు అమ్మవే కావు. పో!"

గంపను కాలితో తన్నాడు. ముద్దలు మట్టిలో దొర్లినాయి.

సుంకులమ్మ ఏడవలేదు. వంగి ఒక్కొక్క ముద్దా ఏరుకుంది. "నీకొద్దంటే మానె, కుక్కలకన్నా ఆకలుంటుందిలే" అని వెనుదిరిగింది.

దస్తగిరి స్వామి అరుగు మీద నుంచి అంతా చూశాడు.

మద్దిలేటికి ఒక నేమముంది. పొద్దు వాలగానే, కాలం చేసిన తన మొదటి గురువు రామయోగి పావుకోళ్లు కడిగి కళ్లకద్దుకుంటాడు. ఆ తర్వాతే దస్తగిరి స్వామి కాళ్లు కడుగుతాడు. ఆ సాయంత్రమూ అట్లాగే పావుకోళ్లు కడిగి, చెంబుతో స్వామి ముందు కూర్చున్నాడు. కోపం ఇంకా దిగలేదు.

స్వామి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఏం స్వామీ?"

"రామయోగి పోయి ఏడాదన్నా కాకముందే వచ్చి నా కాళ్లు పట్టుకుంటివే. సిగ్గు లేదా?"

మద్దిలేటి ముఖం జేవురించింది. "అంత మాటనొద్దు స్వామీ! ఆయన్ను నేను మరిచిపోయినానా? మరిచిపోతే ఆ పావుకోళ్లు రోజూ ఎందుకు కడుగుతాను? ఆయన పోయినాక దిక్కులేక కదా మీ గడప..."

చెంబు కింద పెట్టి, పొద్దున సంగటి ముద్దలు దొర్లిన చోటు వైపు చూశాడు.

స్వామి కాళ్లు చాపలేదు.

తెల్లవారి సుంకులమ్మ తలుపు తీస్తే ఎదురుగా మద్దిలేటి, మోకాళ్ల దాకా దుమ్ముతో. ఆమె లోపలికి పోయి చెంబెడు నీళ్లు తెచ్చి అతని ముందు టంగుమని పెట్టింది.

"కాళ్లు కడుక్కో. మీ చిన్నాయన కంచం ముందర కూర్చున్నాడు, నీ కోసం ఆగడు" అంది.

కొడుకును నాయనా అని మాత్రం పిలవలేదు.