ఎత్తిన టీ గిన్నె

ఫాన్ గురువుగారి దగ్గరికి ఎవరు ఏ ప్రశ్నతో వెళ్ళినా ముందు టీ వచ్చేది, ఇద్దరికీ చెరొక గిన్నె. ఆయన మాత్రం ఎదుటివాడి మాట అయిపోయేదాకా తన గిన్నె ముట్టేవాడు కాదు. అది అలా చల్లారిపోతూ ఉండేది. "గురువుగారికి వేడి పడదు పాపం" అని శిష్యులు చాటున నవ్వుకునేవారు.

ఆ శిష్యుల్లో షూ వెన్‌లాన్ అంత పైకి పోయినవాడు లేడు. రాజధానిలో పరీక్ష నెగ్గాడు, తాలూకా ఏలాడు, జిల్లా ఏలాడు, ఇప్పుడు ఏకంగా రాష్ట్ర ఖజానా అతని చేతికి రాబోతోంది. ఒక్కటే అడ్డం. ఆ ఏడు వరదకు అతని జిల్లాలో నది కట్ట తెగి మూడు ఊళ్ళు కొట్టుకుపోయాయి. విచారణకు గవర్నరుగారు వస్తున్నారు. ఆయనకు ఫాన్ గురువు మాటంటే గురి. ఆ ఒక్క మాట సాయం కోసమే షూ ఇంత వానలోనూ పల్లకీ కట్టించుకుని వచ్చాడు.

"న్యాయం మీరే చెప్పండి గురువుగారూ," అన్నాడు కూర్చుంటూనే. "ఎవరూ చెప్పని సంగతికి అధికారి ఎలా బాధ్యుడౌతాడు? నా గుమ్మం తొక్కినవాణ్ణి ఏనాడూ పొమ్మనలేదు. కట్ట సంగతి ఒక్కడంటే ఒక్కడు నాతో..."

గురువు గిన్నె ఎత్తి పెదవులకు ఆనించాడు.

షూ మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ దేశపు కచేరీల్లో ఒక మర్యాద ఉంది. గద్దె మీదున్నవాడు టీ గిన్నె ఎత్తాడంటే మాటలు ముగిసినట్టే. వచ్చినవాడు ఎంతటివాడైనా లేవాల్సిందే.

"అతిథిగారు బయల్దేరుతున్నారహో!" గుమ్మంలో ముసలి నౌకరు కేకపెట్టి తెర ఎత్తి పట్టాడు.

"అదేంటి తాతా, నేనింకా..."

"దయచేయండి బాబుగారూ. మెట్లు జారుతున్నాయి, చూసుకోండి."

క్షణంలో షూ వాకిట్లో వానలో ఉన్నాడు. పల్లకీ బోయీలు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. "నా మాట పూర్తి కానేలేదు!" అని అరిచాడు, మూసిన తెర కేసి.

అరిచాక ఒళ్ళు ఝల్లుమంది. ఈ మాటే ఇంకో గొంతులో తను ఇదివరకు విన్నాడు.

కిందటి వేసవి. కట్ట కింది ఊరి పెద్ద, తావ్ అనే ముసలాయన, కాళ్ళనిండా బురదతో కచేరీకి వచ్చాడు. పంటల సంగతీ, దొరవారి చల్లని పాలన సంగతీ చెప్పి చెప్పి, ఎట్టకేలకు "అయ్యా, మా కట్ట..." అన్నాడు. ఎండకు షూ గొంతు పిడచగట్టుకుపోయి ఉంది. గిన్నె అందుకున్నాడు. గుమ్మంలో కేక వినపడింది. "అయ్యా, నా మాట పూర్తి కాలేదయ్యా" అంటూ ముసలాయన దణ్ణం పెడుతూనే వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. ముసలాడి చాదస్తం కాబోలు అనుకుని ఆ సంగతే మరిచిపోయాడు షూ, ఇవాళ్టి దాకా. వరదలో మొదట మునిగింది ఆ ఊరే. తావ్ శవం కూడా దొరకలేదు.

షూ తెర తోసుకుని లోపలికి పరిగెత్తి గురువు ముందు కూలబడ్డాడు.

"నేను... కట్ట సంగతి చెప్పబోయిన ఆ ముసలాయన్ని నేను పొమ్మనలేదు గురువుగారూ..."

గురువు ఖాళీ గిన్నె కింద పెట్టాడు.

"నేను మాత్రం నిన్ను పొమ్మన్నానా నాయనా? దాహమేసింది, అంతే. గవర్నరుగారితో ఇదే చెప్పమంటావా?"