రాజుగారి గంటల లెక్క

ఒకానొక రాజ్యంలో రాజుగారికి రాని విద్యంటూ లేదు. ఈ సంగతి వేరే ఎవరూ చెప్పలేదు, రాజుగారే చెప్పుకునేవారు. ఆయన పేరు చండభూపాలుడు.

ఆయన కొలువులో లెక్కలు రాసే సింగనకు అంకెలంటే ప్రాణం. గ్రహణాలను ముందుగా గణించే విద్య నేర్చుకోవాలని చిన్ననాటి నుంచీ ఆశ. అది తెలిసిన గురువు ఎక్కడో కొండమీద ఒక్కరే ఉన్నారు. ఆయనకు చూపు మందగిస్తోంది. "ఈ వానాకాలం దాటితే ఇక నేర్పలేను" అని కబురంపారు.

"వెళ్లిరండి, పిల్లల్ని నేను చూసుకుంటాను" అంది భార్య పేరిందేవి. సింగన కొలువుకు వెళ్లి చేతులు కట్టుకుని నాలుగు నెలలు సెలవడిగాడు.

రాజు ఫక్కున నవ్వాడు. "చదువుకు సెలవా! మొన్న అవధానిగారు ఎనిమిది మందికి ఒకేసారి జవాబులు చెప్పలేదూ? మధ్యలో మోగిన గంటలు కూడా లెక్కపెట్టారే! పని చేసుకుంటూ నువ్వు చదవలేవా? ఆ మాటకొస్తే గంటలు లెక్కపెట్టడం మాకూ వచ్చు."



కొలువులో గడియగంట కొట్టే ఉద్యోగం పేరిందేవిదే. ఆమె నోటి చురుకు అంతఃపురం దాకా తెలుసు. గంట పక్కనుంచి ముందుకొచ్చింది.

"ఏలినవారు లెక్కపెడుతుంటే చూసే భాగ్యం మాకూ కలిగించండి. నేను కొడతాను."

"కొట్టు! మధ్యలో మమ్మల్ని మాటల్లో పెట్టడానికి ఎవర్ని పిలుస్తావు?"

"ఎవర్నీ పిలవను ప్రభూ. కొలువు రోజూ నడిచినట్టే నడవనివ్వండి, చాలు."

గంట మోగింది. రాజు చిరునవ్వుతో వేలు మడిచాడు. ఆమె కాసేపు వెంటవెంటనే, కాసేపు ఆగి ఆగి కొడుతోంది. ఇంతలో మంత్రి వచ్చి ఏటిమీద వంతెన కూలిందన్నాడు. మావటి వచ్చి పట్టపుటేనుగు మేత ముట్టడం లేదన్నాడు. రాణిగారి దాసి వచ్చి చిన్న యువరాజు స్నానానికి రానంటున్నాడంది.

"రాకపోతే ఎత్తుకొచ్చి నీళ్లు పోయండి!" అన్నాడు రాజు. మళ్లీ గంట. ఎన్నో వేలు మడిచాడో మరిచిపోయాడు.

"ప్రభూ, ఆ వంతెన..." అన్నాడు మంత్రి.

రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. "అందరూ నోళ్లు మూసుకోండి! లెక్క తప్పుతోంది!"

కొలువంతా చప్పబడింది. పేరిందేవి కొయ్యసుత్తి కింద పెట్టి వినయంగా అడిగింది. "ఎంతసేపు ప్రభూ?"

"లెక్క పూర్తయ్యేదాకా!"

"మా ఆయన అడిగిందీ అంతే మహాప్రభూ."

సింగన భార్యకేసి తిరిగి చూశాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది.

రాజు తన వేళ్లకేసి చూసుకున్నాడు. పెదవి వణికింది. కోపమేమోనని అందరూ హడలిపోయారు. కాదు, నవ్వు! "ఓడిపోయాం! సింగనా, నాలుగు నెలలు నిన్నెవరూ పిలవరు. జీతం ఇంటికి చేరుతుంది. పేరిందేవీ, నీకేం కావాలో కోరుకో."

"వచ్చే ఏడాది వానాకాలం నాకు ఇప్పించండి ప్రభూ. అవధానం నేర్చుకోవాలని పెళ్లికి ముందు నుంచీ ఆశ. ఆ నాలుగు నెలలూ పిల్లలూ పొయ్యీ ఆయనవి."

ఇన్నాళ్లూ అంతుచిక్కనివి గ్రహణాలే అనుకున్నాడు సింగన.

"ఇచ్చాం! ఏం సింగనా, వంట వచ్చా?"

"నేర్చుకోవాలి ప్రభూ."

"దానికి మాత్రం సెలవివ్వం!" అంటూ రాజు కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వి, మెడలోని పచ్చల హారం తీసి పేరిందేవి చేతిలో పెట్టాడు.